అవ్వ కాసుల దండ ఏ దేశం పోయింది?

జూన్ నెల. మృగశిర కార్తె దాటినా మా వైపు చినుకు రాలలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆకాశం వంక చూస్తుంటే ఊరి నుంచి ఫోను. మా తమ్ముడి భార్య.

“వదినా, బుడ్డల విత్తనాలకీ ఎరువుకీ దుడ్లు సాలవు. నా గొలుసు, గాజులు బ్యాంకులో పెట్టి తెస్తానంటాండాడు మీ తమ్ముడు. నీకొక మాట సెప్దామని...”

“నువ్వేమన్నావు?”

“నేనేమంటా వదినా? ఇంట్లో ఉండేదే అది.”

సాయంత్రం మాట్లాడతానని పెట్టేశాను. కాఫీ చల్లారిపోయింది. నాకు మా అవ్వ గుర్తొచ్చింది. అవ్వ బోసి మెడ గుర్తొచ్చింది.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని నేను. మొదటి ప్రపంచ యుద్ధం, వర్సేల్స్ సంధి, ఆర్థిక మాంద్యం... ఏటేటా నల్లబల్ల మీద ‘కారణాలు – ఫలితాలు’ అని రెండు వరుసలు గీసి పాయింట్లు రాయించేదాన్ని. పిల్లలు బట్టీ పట్టేవారు. నేనూ అంతే అనుకోండి! ఆ పాఠంలో మా అవ్వ కాసుల దండ కూడా ఉందని ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు తెలియలేదు. రిటైరయ్యాక తీరిగ్గా పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది.

ఇస్తి అంతే!

అవ్వ ఆ కథ నాకు చాలాసార్లు చెప్పింది. వేసవి రాత్రుళ్లు మిద్దె మీద పడుకున్నప్పుడు. ‘గాంధీ సీమ నుంచి వచ్చీరాంగానే జైల్లో ఏసిన ఏడు’ అనేది. అంటే 1932. అప్పటికి అవ్వకి పదిహేడేళ్లు. చంకలో మా పెదనాయన.

“రెండేండ్ల నుంచి బుడ్డల రేటు పడిపాయ. మూటలు ఏసకపోతే బండి బాడుగ గూడా రాల్యా. కిస్తు మాత్రం ఒక్కాణా తగ్గల్యా. కరణమొచ్చి అరుగు మింద కూసునె. మీ తాత లోపలికొచ్చి ‘దండ ఇయ్యే’ అనె. ఇస్తి అంతే!”

ఎనిమిది తులాల దండ. పుట్టింటివాళ్లు పెట్టింది. ఆ రోజుల్లో పాత బంగారం కొనేవాళ్లు ఊరూరా తిరిగేవారట. తులానికి ముప్పై రూపాయల లెక్కన రెండు వందల నలభై చేతిలో పెట్టారు. అందులో కిస్తు పోయింది, షావుకారు వడ్డీ పోయింది. మిగిలిన దాంట్లో ఒక ఎద్దు వచ్చింది. అవ్వ మెడకి పసుపుతాడు మిగిలింది.

కథ చెప్పి చివర్లో ఎప్పుడూ ఒకే మాట అనేది అవ్వ. “అన్నీ అగ్గవైపాయ. జొన్నలు అగ్గవ, బుడ్డలు అగ్గవ, కూలి అగ్గవ. బంగారొక్కటే పిరమాయ. అందుకే మీ తాత అమ్మె. అదేం మాయో ఏమో!”

ఆ మాయ ఏమిటో చూద్దాం రండి. కొంచెం దూరం నడవాలి. ఫ్రాన్స్ దాకా!

మార్సెయి సబ్బులో మన బుడ్డలు

ఫ్రాన్స్‌కీ మన కరువు సీమకీ సంబంధమేమిటని అనుకుంటున్నారా? సంబంధం మన వంటింట్లోనే ఉంది. బుడ్డలు, పల్లీలు, శనక్కాయలు... ఏ పేరుతో పిలిచినా వేరుశనగే.

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మార్సెయి అని పెద్ద రేవు. పందొమ్మిదో శతాబ్దం నుంచే అక్కడ నూనె మిల్లులు, సబ్బు ఫ్యాక్టరీలు వరసగా ఉండేవి. ఆ మిల్లులకు గింజలు కావాలి. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న సెనెగల్ నుంచి కొన్ని వెళ్లేవి. మన మద్రాసు రాష్ట్రం నుంచి, పుదుచ్చేరి రేవు నుంచి కొన్ని వెళ్లేవి. సెనెగల్ దగ్గర కాబట్టి అక్కడి నుంచి ఎక్కువగా కాయలే ఓడెక్కేవి. మనది దూరం కాబట్టి పొట్టు తీసి గింజలుగా పంపేవారు. ఒలిచే చేతులు ఎవరివంటారు? చాలాచోట్ల ఆడవాళ్లవే.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన వేరుశనగకు పెద్ద గిరాకీదారు ఫ్రాన్సే. తర్వాత జర్మనీ, హాలండ్ కూడా వచ్చి చేరాయి. 1920ల్లో దత్తమండలాల్లో, అంటే 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అని కొత్త పేరు పెట్టుకున్న మన జిల్లాల్లో, వేరుశనగ సాగు బాగా పెరిగింది. అంతకు ముందు మాకు కొర్ర, జొన్న, సజ్జ, ఉలవ ముఖ్యం. అవి తినడానికి. బుడ్డలు అమ్ముకోవడానికి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో నాలుగు డబ్బులు కళ్లజూపిన పంట అది. రైలెక్కి మద్రాసు, అక్కడి నుంచి ఓడెక్కి సూయజ్ కాలువ దాటి సీమకి!

అంటే ఏమైంది? తినే పంట ఉన్నన్నాళ్లూ మన బాగోగులు మన వాన చేతిలో ఉండేవి. అమ్మే పంట వచ్చాక వానతో పాటు ఎక్కడో ఉన్న మంత్రుల చేతిలోకి కూడా వెళ్లాయి.

ఫ్రాంకుకి జబ్బు... పొయింకారె మందు

1914 నుంచి 1918 దాకా జరిగిన యుద్ధంలో ఫ్రాన్స్ గెలిచింది. కానీ పదమూడు లక్షల మందికి పైగా సైనికులు పోయారు. ఆరు లక్షల మంది దాకా ఆడవాళ్లు వితంతువులయ్యారు. ఉత్తరాది జిల్లాలు నేలమట్టమయ్యాయి. అప్పులు కొండంత. ‘జర్మనీ కడుతుందిలే’ అని అక్కడి నాయకులు ప్రజలకు చెప్పారు. వర్సేల్స్ సంధిలో నష్టపరిహారం రాయించుకున్నారు. జర్మనీ సరిగ్గా కట్టకపోతే 1923 జనవరిలో బెల్జియంతో కలిసి సైన్యాన్ని పంపి బొగ్గు గనులున్న రూర్ ప్రాంతాన్ని ఆక్రమించారు. ఖర్చు పెరిగిందే గాని కష్టం తీరలేదు.

ఇంట్లో సంపాదన లేకుండా చేబదుళ్లతో గడిపితే ఏమవుతుంది? బజార్లో పరపతి పోతుంది. ఫ్రాన్స్ డబ్బు ‘ఫ్రాంకు’కి అదే జరిగింది. యుద్ధానికి ముందు ఒక బ్రిటిష్ పౌనుకి 25 ఫ్రాంకులు. 1926 జులై నాటికి దాదాపు 240 ఫ్రాంకులు! దాచుకున్న డబ్బు కళ్ల ముందే కరిగిపోతుంటే అక్కడి గృహిణులు ఎంత ఏడ్చి ఉంటారో మనం ఊహించుకోగలం.

అప్పుడు పొయింకారె అనే పెద్దాయన మళ్లీ ప్రధాని అయ్యాడు. పన్నులు పెంచాడు, ఖర్చు తగ్గించాడు. పౌనుకి 124 ఫ్రాంకుల దగ్గర నిలబెట్టాడు. 1928 జూన్‌లో చట్టం చేసి ఫ్రాంకుని మళ్లీ బంగారానికి ముడివేశాడు. ముడి వేసింది పాత విలువలో అయిదో వంతు దగ్గర. అంత చవగ్గా ఉంటే విదేశీయులు కొనడానికి ఎగబడరూ? భయపడి బయట దాచుకున్న ఫ్రెంచివాళ్ల డబ్బు కూడా ఇంటికి తిరిగొచ్చింది. ఆ డబ్బంతా చివరికి బంగారమై పారిస్ చేరింది.

పారిస్‌లో బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ భవనం కింద, పాతిక మీటర్లకు మించిన లోతులో ఒక సొరంగ ఖజానా ఉంది. 1924 నుంచి 1927 దాకా కట్టారు. రెండున్నర ఎకరాల వైశాల్యం, ఆరు వందలకు పైగా స్తంభాలు. మా ఊళ్లో సన్నకారు రైతు చేను అంత ఉంటుంది. ఆ చేనంతా బంగారమే!

ఒకరి డబ్బాలో అందరి చీటీ

డగ్లస్ ఇర్విన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త లెక్క కట్టాడు. 1927లో ప్రపంచ దేశాల బంగారు నిల్వల్లో ఫ్రాన్స్ వాటా నూటికి 7. 1932 నాటికి 27 అయింది. అమెరికా దగ్గర అంతకంటే ఎక్కువ ఉంది. ఇద్దరూ కలిసి సగానికి పైగా పట్టుకు కూర్చున్నారు.

పట్టుకుంటే మనకేమిటి అంటారా? మన చీటీల సంగతి తీసుకోండి. ఇరవై మంది కలిసి చీటీ వేస్తారు. నెలనెలా డబ్బు ఒకరి చేతిలోంచి ఇంకొకరికి తిరుగుతుంటేనే ఒకరి ఇంట్లో పెళ్లి, ఇంకొకరికి ఎద్దు, మరొకరికి ఫీజు. అందులో ఇద్దరు వచ్చిన డబ్బంతా డబ్బాలో వేసి తాళం పెట్టారనుకోండి. మిగిలిన పద్దెనిమిది మందీ గిలగిల్లాడాలి. కొనేవాడి దగ్గర డబ్బు లేక సరుకుల ధర పడిపోతుంది. అప్పట్లో చాలా దేశాల డబ్బు బంగారానికి ముడిపడి ఉండేది కాబట్టి బంగారం తాళంలో పడితే డబ్బుకి కరువొచ్చింది. మాంద్యానికి ఇదొక్కటే కారణం కాదు. 1929లో అమెరికా షేర్ బజారు కూలడం, బ్యాంకులు మునగడం, అప్పులు... చాలా ఉన్నాయి. కానీ పారిస్ తాళం వాటిలో పెద్దదని ఇర్విన్ లాంటివారి వాదన.

ఆ బంగారం ఫ్రాన్స్‌కి రాయబారంలో ఆయుధం కూడా అయింది. 1931 మార్చిలో జర్మనీ, ఆస్ట్రియా రెండూ కలిసి ఒకే సుంకాల కూటమి పెట్టుకుంటామన్నాయి. ‘ఇవాళ సుంకాలు, రేపు సైన్యాలు’ అని ఫ్రాన్స్‌కి గుబులు. ససేమిరా అంది. మే నెలలో ఆస్ట్రియాలో అతి పెద్ద బ్యాంకు దివాలా తీస్తే, సాయం కావాలంటే ఆ కూటమి మానుకోవాలంది. గుబులు అన్యాయమైందని అనలేం. పీడకల చూసినట్టు బతికిన దేశం అది. కానీ బేరాలు నడుస్తుండగానే మంట పాకింది. జులైలో జర్మనీ బ్యాంకులు మూతపడ్డాయి. ఆ తర్వాత లండన్ మీద పడింది. బ్రిటన్ ఆగస్టులో అమెరికా దగ్గర, ఫ్రాన్స్ దగ్గర చెరిసగం అప్పు తెచ్చింది. ఒకసారి అయిదు కోట్ల పౌన్లు, మళ్లీ ఎనిమిది కోట్ల పౌన్లు. అయినా ఆగలేదు. 1931 సెప్టెంబరు 21న పౌనుని బంగారం నుంచి ముడి విప్పేసింది.

అవ్వ చిక్కుముడి వీడింది

ఇప్పుడు అవ్వ దగ్గరికి వద్దాం.

మన రూపాయి పౌనుకి కట్టిన గంగిరెద్దు. పౌను ఎటు పోతే అటే. పౌను విలువ పడగానే రూపాయి కూడా పడింది. బంగారం విలువ మాత్రం అక్కడే ఉంది. కాబట్టి రూపాయల్లో బంగారం ధర పెరిగింది. ప్రభుత్వ లెక్క ప్రకారం తులం 21 రూపాయల చిల్లర ఉండేది కాస్తా ముప్పై దాటింది. ఇటు సరుకుల ధరలా? ప్రపంచమంతా డబ్బు కరువు కాబట్టి లేవలేదు. వేరుశనగ ధర సగానికి సగం పడిపోయింది. అన్నీ అగ్గువై బంగారం ఒక్కటే పిరమైన మాయ ఇదీ!

కిస్తు, వడ్డీ మాత్రం రూపాయల్లోనే కట్టాలి. పంట అమ్మితే రావు. మెళ్లో ఉన్నది అమ్మితే వస్తాయి, పైగా ‘మంచి రేటు’ కూడా! అంతే, దేశమంతటా పల్లెల నుంచి బంగారం కదిలింది. ఎన్నో తరాలుగా బంగారాన్ని దిగుమతి చేసుకున్న మన దేశం ఆ ఏడాది నుంచి ఎగుమతి చేయడం మొదలుపెట్టింది. 1930ల్లో బయటికి వెళ్లిన బంగారం విలువ మొత్తం మూడు వందల కోట్ల రూపాయలకు పైమాటే. ఆపమని మన వ్యాపార సంఘాలు, నాయకులు మొత్తుకున్నారు. ప్రభుత్వం ఆపలేదు. ఎందుకు ఆపుతుంది? కమ్మలు, కడియాలు, దండలు, అన్నీ కరిగి కడ్డీలై బొంబాయి రేవులో ఓడెక్కి లండన్ చేరుతుంటే బ్రిటన్‌కి ఊపిరి ఆడుతోంది. అమెరికాకీ, ఫ్రాన్స్‌కీ తెచ్చిన అప్పు 1932లో తీర్చేసింది. ఆ తీర్చడంలో మన బంగారం చేయి ఎంతో ఉంది. తన దేశానికి హిందూదేశంలో బంగారు గని దొరికినట్టయిందని అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి నెవిల్ చాంబర్లేన్ తన చెల్లెలికి రాసిన ఉత్తరంలో సంబరపడ్డాడు కూడా.

ఆ గని ఎవరి మెడో ఆయనకి తెలియదు. మా అవ్వకి ఆయనెవరో తెలియదు.

అవ్వ దండ కచ్చితంగా పారిస్ సొరంగంలోకే వెళ్లిందని నేను చెప్పలేను. కరిగిన బంగారానికి పేరు, ఊరు ఉండవు కదా. కానీ అది నడిచిన దారి మాత్రం అదే.

అక్కడి అక్కచెల్లెళ్ల సంగతి

పారిస్ ఆడవాళ్లు ఆ బంగారం చూసుకుని మురిసిపోయారా అంటే, అదీ లేదు. యుద్ధం మధ్యలో 1915లో ‘దేశం కోసం బంగారం ఇవ్వండి’ అని అక్కడి ప్రభుత్వం పిలుపునిస్తే ఇళ్లలో దాచుకున్న బంగారు నాణేలు జనం తెచ్చి ఇచ్చారు. బదులుగా కాగితం నోట్లు, మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. ఆ నోట్ల విలువే తర్వాత అయిదో వంతు అయింది.

ఇంత చేసినవాళ్లకి ఓటు ఉందా? లేదు! 1919లో కింది సభ ఒప్పుకుంది. 1922లో పై సభ తోసిపుచ్చింది. ఆ తర్వాత కూడా కింది సభ ఔనంటే పై సభ కాదంటూ వచ్చింది. అదే 1921లో మన మద్రాసు రాష్ట్రంలో ఆస్తి ఉన్న స్త్రీలకు మగవారితో సమానంగా ఓటు వచ్చింది. కొద్దిమందికే కావచ్చు. అయినా ఆశ్చర్యంగా లేదూ? 1936లో లియోన్ బ్లూమ్ ప్రధాని అయినప్పుడు ముగ్గురు స్త్రీలను ఉపమంత్రులుగా తీసుకున్నాడు. వారిలో ఒకరు నోబెల్ బహుమతి పొందిన ఐరీన్ జోలియో క్యూరీ, మేడమ్ క్యూరీ కూతురు. మంత్రి పదవి ఉంది గాని ఆమెకు ఓటు లేదు! ఫ్రాన్స్ స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది 1944లో. వేసింది 1945లో. భర్త అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరవడానికి 1965 దాకా ఆగారు.

ఆ ఇరవై ఏళ్లలో అక్కడ నలభై దాకా మంత్రివర్గాలు మారాయి. ఒకసారైతే తాకట్టు కొట్టు మూలంగా! 1933 చివర్లో బయోన్ అనే ఊరి మునిసిపాలిటీ తాకట్టు సంస్థలో దొంగ నగలు చూపించి కోట్ల ఫ్రాంకుల బాండ్లు అమ్మిన స్తావిస్కీ అనే మోసగాడి బండారం బయటపడింది. పెద్దల అండ ఉందని జనం భగ్గుమన్నారు. ప్రధాని షోతాన్ దిగిపోయాడు. 1934 ఫిబ్రవరి 6న పారిస్ వీధుల్లో కాల్పులు, చావులు. మర్నాడు కొత్త ప్రధాని దలాదియే కూడా రాజీనామా. తాకట్టు నగలకి ఇంత బలముందని మనకు తెలుసా!

ఇక బుడ్డల మాట

పౌను, రూపాయి చవకైపోయాయి. ఫ్రాంకు మాత్రం బంగారం పట్టుకుని వేళ్లాడింది. దాంతో మార్సెయి మిల్లులకు మన వేరుశనగ మరీ చవగ్గా దొరికింది. సెనెగల్ రైతు గొల్లుమన్నాడు. 1933 ఆగస్టులో ఫ్రాన్స్ చట్టం చేసి బయటి దేశాల నూనెగింజల మీద సుంకం వేసింది. తన వలస దేశాల గింజలకు మినహాయింపు. మన రైతుకి ఆ తలుపు సగం మూసుకుంది. సెనెగల్ రైతు మాత్రం బాగుపడ్డాడా? అతనూ అప్పుల్లోనే ఉన్నాడు. అక్కడా ఏ అవ్వో ఏ కడియమో తీసి ఇచ్చే ఉంటుంది.

చివరికి 1936లో బ్లూమ్ ప్రభుత్వం ఫ్రాంకు విలువ తగ్గించక తప్పలేదు. 1940 జూన్‌లో జర్మనీ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టింది. అంతకు ముందే బంగారాన్ని హడావిడిగా ఓడలెక్కించారు. కొంత అమెరికాకి, కొంత మార్టినిక్ దీవికి, కొంత డకార్ రేవుకి. డకార్ ఎక్కడనుకున్నారు? సెనెగల్‌లోనే! అక్కడి నుంచి రైల్లో లోపలికి, కాయిస్ అనే ఎండల ఊరికి తీసుకెళ్లి దాచారు. ఏ వేరుశనగ చేలను దాటుకుంటూ వెళ్లిందో ఆ రైలు!

అంత బంగారమూ ఆ దేశాన్ని కాపాడలేదు. మా అవ్వ దండ మా ఇంటిని రెండేళ్లు కాపాడింది.

కరువొస్తే ఎవరి సొమ్ము?

పాత ధర్మశాస్త్రాల్లో స్త్రీధనం అనే మాట ఉంది. పుట్టింటివారు పెట్టిన నగ ఆమెది. భర్తకు హక్కు లేదు. అయితే యాజ్ఞవల్క్య స్మృతి ఒక మినహాయింపు చెప్పింది. కరువు వచ్చినప్పుడు, జబ్బు చేసినప్పుడు, ఇంకొన్ని ఆపదల్లో భర్త వాడుకుంటే తిరిగి ఇవ్వక్కర్లేదట. చదివి నేను నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాను. కరువు ఎప్పుడో ఒకసారి వచ్చే చోట ఆ మినహాయింపు సరే. ఏడాది విడిచి ఏడాది కరువుండే అనంతపురంలో ఆడదానికి స్త్రీధనం ఉన్నట్టా, లేనట్టా?

1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, భర్త దగ్గర ఉన్నా అది దాచడానికి ఇచ్చినట్టేనని తీర్పు చెప్పింది. తీర్పు ఉంది. అయితే నగ తీసి ఇచ్చేటప్పుడు మన ఇళ్లలో ఎవరు తీర్పులు తిరగేస్తారు?

మొన్న మొన్నటి దాకా ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేసిన ఏళ్లున్నాయి. 2022లో జిల్లా రెండయింది. పంట తగ్గింది, పండ్లతోటలు పెరిగాయి. అయినా మా ఊళ్లో ఇప్పటికీ జూన్ వస్తే బ్యాంకు ముందు ఆడవాళ్ల వరస కనబడుతుంది. కొంగులో కట్టుకున్న చిన్న డబ్బాలతో. నూనె ధర ఎప్పుడు పెంచుతారో, దిగుమతి సుంకం ఎప్పుడు తీసేస్తారో వాళ్లకు ఎవరూ చెప్పరు. అవ్వకీ ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఫోన్ చేశాను. అవ్వ కథంతా చెప్పాను, ఫ్రాన్స్‌తో సహా. మా మరదలు ఓపిగ్గా వింది. చివరికి ఒకటే అడిగింది.

“అప్పుడు అవ్వని అడిగినారా వదినా, ఇస్తావా అని?”

“లేదు. ‘ఇయ్యే’ అన్నారు.”

కాసేపు మాట్లాడలేదు. పెట్టొద్దని నేను చెప్పలేదు. విత్తనం వేయకుండా రైతు ఇల్లు ఎట్లా గడుస్తుంది? నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాను. ఖాతా నీ పేరు మీద ఉండనీ. గ్రాములెంతో, వడ్డీ ఎంతో, గడువెప్పుడో చీటీ మీద చూసి నీ దగ్గరే పెట్టుకో. పంట బీమా కట్టేటప్పుడు రసీదు అడుగు. డబ్బు దేనికెంత పోయిందో నువ్వే రాసిపెట్టు. చేనంతా ఒకే పంట వద్దు, కందో కొర్రో కొంత వేయమను. కొర్ర ధర పడిపోతే కనీసం అన్నం వండుకోవచ్చు.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. గొంతులో కొంచెం బెరుకు, కొంచెం ఉత్సాహం.

“గాజులు మాత్రం పెడితి వదినా. గొలుసు ఇయ్యనంటి. మూడెకరాల్లో ఎకరా కంది ఏద్దామని సెప్తి. మీ తమ్ముడు మొగం ముడుసుకున్యాడు గాని, ఒప్పుకున్యాడు. చీటీ నా పెట్టెలోనే ఉంది.”

“వాన పడిందా?”

“యాడ వదినా! మబ్బయితే పట్టింది.”